మంచులో నిప్పు, మన సముద్రం అడుగున కూడా

అలాస్కా ఉత్తర కొసన 2012లో ఒక బావిలో ప్రయోగం చేశారు. పేరు ఇగ్నిక్ సికుమి, అంటే అక్కడి ఇనుపియాక్ భాషలో ‘మంచులో నిప్పు’. మంచులాంటి గూళ్లలో చిక్కుకున్న మీథేన్‌ను బయటికి రప్పించి, దాని చోట కార్బన్ డయాక్సైడ్‌ను కూర్చోబెట్టాలని ఆలోచన. ఉత్త కార్బన్ డయాక్సైడే పంపితే అక్కడి నీటితో గడ్డకట్టి దారి మూసుకుపోతుందని, ముప్పాతికకు పైగా నైట్రోజన్ కలిపారు. మీథేన్ వచ్చింది. పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా లోపలే ఉండిపోయింది.

మనకెందుకు అంటారా? 2006లో మన కృష్ణా-గోదావరి బేసిన్‌లోనూ ఇవే గడ్డలు దొరికాయి. మాది కాకినాడ, మా బాబాయిలు ఇప్పటికీ వేటకు వెళ్తారు. ఒత్తిడి తగ్గించి గడ్డల్ని కరిగిస్తే సముద్రపు అడుగు కుంగే ప్రమాదం ఉంది. మార్పిడిలో గూడు నిలుస్తుంది కాబట్టి నా మొగ్గు దీనివైపే. కానీ అలాస్కాలో ఉన్నది ఇసుక పొర. మన దగ్గర 2006లో దొరికింది బంకమట్టి పగుళ్లలో. అందులోకి గ్యాస్ ఎక్కించడం తేలిక కాదు. 2015లో మాత్రం ఇసుక పొరల్లోనూ కనిపించింది.