వంటింటి గట్టు

వంటింటి గట్టు అనగా నిలబడి వంట చేసుకొనుటకు వీలుగా వంటగది గోడల వెంట నిర్మించే ఎత్తైన వేదిక. దీనిని వాడుకలో వంటగట్టు, పొయ్యిగట్టు, కిచెన్ ప్లాట్‌ఫారం అని కూడా అంటారు. తెలుగు రాష్ట్రాలలో దీని పైభాగానికి ఎక్కువగా గ్రానైటు పలకలను, బ్రిటన్ వంటి దేశాలలో లామినేటు అతికించిన చెక్కపొట్టు పలకలను వాడతారు. పదార్థం ఏదైనా గట్టు మన్నిక ప్రధానంగా రెండు చోట్ల తేలిపోతుంది. మొదటిది మూలలో రెండు పలకలు కలిసే అతుకు, రెండవది సింకు కొరకు కోసిన రంధ్రం. గ్రానైటు విషయంలో ఈ కోత గట్టుకే కాక కోసేవాని ఊపిరితిత్తులకు కూడా సంబంధించినది.

నిర్మాణం

హైదరాబాదు తూర్పు శివారులో, విజయవాడ వెళ్ళే 65వ జాతీయ రహదారిపై అబ్దుల్లాపూర్‌మెట్ ఉన్నది. 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణలో హయత్‌నగర్ మండలం నుండి ఏర్పడిన మండలానికి ఇది కేంద్రం. ఇక్కడి నుండి హయత్‌నగర్, ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వరకు గల కాలనీలలో సాధారణంగా కనిపించేది రాతి గట్టే. ఇటుక గోడలు గాని నిలువు కడప రాళ్ళు గాని ఆధారంగా నిలిపి, వాటిపై కడప రాయి లేదా పలుచని కాంక్రీటు దిమ్మె వేసి, సిమెంటు మాలుతో గ్రానైటు పలకను పరుస్తారు. మాడ్యులర్ వంటగదులలో ఈ దిమ్మె ఉండదు. ప్లైవుడ్ పెట్టెల మీదనే పలకను నిలుపుతారు. అందువలన పెట్టెల పైఅంచులన్నీ ఒకే మట్టంలో లేకపోతే పలకకు కింద ఖాళీ ఏర్పడి, బరువు పడిన నాడు అక్కడ విరుగుతుంది.

గట్టు వెడల్పు సుమారు 24 అంగుళాలు, ఎత్తు 32 నుండి 34 అంగుళాలు ఉండటం పరిపాటి. ఎత్తు మోచేతికి కొంచెం దిగువగా ఉండాలి గనుక వంట చేసేవారి పొడవును బట్టి దీనిని మార్చుకొనవచ్చును. మేస్త్రీ అలవాటు ప్రకారం కట్టి వెళ్ళిన గట్టు వల్ల నడుమునొప్పి తెచ్చుకొనే ఇల్లాళ్ళు తక్కువేమీ కాదు.

పలక ముందు అంచు గట్టుకన్నా సుమారు ఒక అంగుళం ముందుకు ఉంటుంది. ఈ భాగం అడుగున బ్లేడుతో ఒక సన్నని గాడి తీస్తే పైనుండి కారిన నీరు వెనుకకు పాకకుండా అక్కడే చుక్కలుగా పడుతుంది. కొద్ది నిముషాల పని అయినా దీనిని తరచుగా వదిలివేస్తుంటారు.

రాయి

నల్లని మెరుపు చుక్కల బ్లాక్ గెలాక్సీ రాయి ప్రకాశం జిల్లా చీమకుర్తి నుండి, గోధుమ రంగు టాన్ బ్రౌన్ కరీంనగర్ ప్రాంతం నుండి వస్తాయి. వ్యాపారంలో అన్నిటినీ గ్రానైటు అన్నప్పటికీ, నల్లరాళ్ళలో చాలావరకు భూగర్భశాస్త్రం ప్రకారం గాబ్రో, డోలరైట్ వర్గాలకు చెందినవి. వీటిలో క్వార్ట్‌జ్ తక్కువ. అసలు గ్రానైటులో అది అధికం. పాలరాయి వంటగట్టుకు తగినది కాదు. అది కాల్షియం కార్బొనేటు గనుక చింతపండు పులుసు, నిమ్మరసం పడిన చోటల్లా మెరుపు పోయి మచ్చ నిలుస్తుంది.

మూల అతుకు

గట్టు ఒకే గోడ వెంట ఉంటే ఒకే పలక సరిపోవచ్చును. రెండు గోడల వెంట తిరిగినప్పుడు మాత్రం మూలలో అతుకు తప్పదు. ముందుగా గోడల మధ్య కోణాన్ని చూడాలి. ఒక గోడపై 3 అడుగులు, రెండవ గోడపై 4 అడుగులు గుర్తించి, ఆ గుర్తుల మధ్య దూరం కొలిస్తే సరిగా 5 అడుగులు రావాలి. రాకపోతే మూల మట్టంగా లేనట్లే. చిన్న మూలమట్టం పలకతో చూసినదానికన్నా ఇది నమ్మదగినది, ఎందుకనగా ప్లాస్టరింగ్‌లోని చిన్న ఎత్తుపల్లాలు దీనిని అంతగా తప్పుదారి పట్టించవు.

పలకలను రెండు విధాలుగా కలపవచ్చును. ఒకటి, మూల నుండి మూలకు ఏటవాలుగా 45 డిగ్రీలలో కోసి కలపడం. చిత్రపటం చట్రంలో మాదిరిగా ఇది చూపుకు బాగుంటుంది, ముందు అంచు గుండ్రదనం కూడా తెగకుండా తిరుగుతుంది. కాని 24 అంగుళాల గట్టుకు ఈ అతుకు పొడవు సుమారు 34 అంగుళాలకు పెరుగుతుంది. పైగా ప్రతి పలకకు ఒక సన్నని మొన మిగులుతుంది. గ్రానైటు పెళుసు రాయి గనుక ఆ మొన మోసుకొని వచ్చేటప్పుడే రాలిపోవచ్చును. రెండవది, ఒక పలకను మూల వరకు పోనిచ్చి రెండవదానిని దాని పక్కకు నేరుగా ఆనించడం. ఇది పొట్టి అతుకు, బలమైనది. అయితే మొదటి పలక ముందు అంచును గుండ్రంగా అరగదీసి ఉంటే రెండవ పలక దానిని సరిగా ఆనదు. కాబట్టి అతుకు వచ్చే మేర అంచును గుండ్రం చేయకుండా వదిలి, లోపలి మూలను పలకలు అమర్చిన తరువాత చేతితో దిద్దుతారు.

అతికే అంచులు రెండింటినీ నూరి, 1 నుండి 2 మిల్లీమీటర్ల సందు ఉంచి, రాతి రంగు కలిపిన పాలియెస్టర్ లేదా ఎపాక్సీ జిగురుతో నింపుతారు. జిగురు గట్టిపడిన తరువాత పైకి వచ్చినదానిని బ్లేడుతో గీకి పాలిష్ పడతారు. అతుకు అడుగున రెండు పలకలకూ ఒకే ఆధారం ఉండటం జిగురుకన్నా ముఖ్యం. ఒక పలక వెంట్రుకవాసి కుంగినా ఎంత మంచి జిగురైనా విడిపోతుంది. సింకుకు, పొయ్యికి దగ్గరగా అతుకు రాకుండా పలకల కొలతలను ముందే నిర్ణయించుకోవాలి.

సింకు రంధ్రం

సింకు కొరకు కోసిన రంధ్రం మూలలు పదునుగా ఉండరాదు. బరువు పడినప్పుడు ఒత్తిడి అంతా పదునైన లోపలి మూల వద్ద కేంద్రీకృతమై అక్కడి నుండి బీట మొదలవుతుంది. అందువలన ముందుగా నాలుగు మూలలలో గుండ్రని రంధ్రాలు తొలిచి, తరువాత వాటి మధ్య నేరుగా కోయాలి. బ్లేడును మూల దాటించి కోస్తే పని త్వరగా అవుతుంది గాని, అదనంగా పడిన ఆ గాటే కొన్ని నెలల తరువాత బీటగా సాగుతుంది. సింకు ముందు మిగిలే రాతి పట్టీ గట్టు మొత్తంలో అతి బలహీనమైన భాగం. పలకను ఎత్తేటప్పుడు నిలువుగానే ఎత్తాలి, పడుకోబెట్టి మోస్తే పట్టీ వద్ద రెండు ముక్కలవుతుంది.

చెక్క పలకలు: రూటరు, జిగ్

లామినేటు పలకల గట్టులో ఇదే మూల సమస్యను రూటరు యంత్రం, జిగ్ అనే మూస సహాయంతో పరిష్కరిస్తారు. పలక ముందు అంచు గుండ్రంగా ఉండటంతో నేరుగా ఆనించుట కుదరదు, మొత్తం ఏటవాలుగా కోస్తే అతుకు పొడవవుతుంది. కనుక ముందు అంచు వద్ద మాత్రం కొద్ది మేర 45 డిగ్రీలలో కోసి, మిగిలిన వెడల్పంతా నేరుగా కోస్తారు. దీనికి మేసన్స్ మైటర్, అనగా తాపీవారి మూల అని పేరు. రాతి పనివారి పద్ధతి వడ్రంగి పనిలోకి వచ్చిందనుటకు ఆ పేరే సాక్ష్యం.

జిగ్‌లోని గాడిలో రూటరు అడుగున బిగించిన 30 మి.మీ. కడియం జరుగుతుంది, కోసే బిట్టు వ్యాసం 12.7 మి.మీ. అందువలన కోత గీత గాడి అంచు నుండి 8.65 మి.మీ. లోపలికి పడుతుంది. దీనిని లెక్కలోకి తీసుకొనకుండా గుర్తు పెడితే పలక వ్యర్థమవుతుంది. లోతు ఒకేసారి కాక 8 లేక 10 మి.మీ. చొప్పున దింపుతూ కోయాలి. బిట్టు ఎల్లప్పుడూ గుండ్రని ముందు అంచు వైపు నుండి లోపలికి ప్రవేశించాలి. అంచు వైపుకు బయటకు వస్తే లామినేటు పెచ్చులుగా లేస్తుంది. ఈ కారణం చేతనే జతలో ఒక పలకను తిరగవేసి కోయవలసి వస్తుంది. అతుకుకు నీరు చొరని జిగురు పూసి, అడుగున తొలిచిన గాడులలో బోల్టులు పెట్టి బిగిస్తారు. ఒక్కసారి నీరు చేరితే చెక్కపొట్టు ఉబ్బి మరల యథాస్థితికి రాదు. గట్టు మీదనే నీళ్ళు కుమ్మరించి కడిగే తెలుగు ఇళ్ళలో ఈ పలకలు నిలదొక్కుకొనకపోవడానికి ముఖ్య కారణం ఇదే.

రాతి ధూళి, సిలికోసిస్

గ్రానైటును చేతి మిషనుతో పొడిగా కోసినప్పుడు వచ్చే తెల్లని ధూళిలో స్ఫటిక సిలికా ఉంటుంది. కంటికి కనిపించేది ముతక భాగం మాత్రమే. ఊపిరితిత్తుల లోతుకు చేరేది కనిపించని సన్నని కణాలు. అవి చేరిన చోట కణజాలం గట్టిపడి మచ్చలుగా మారుతుంది. దీనినే సిలికోసిస్ అంటారు. దీనికి నివారణే గాని నయం చేసే మందు లేదు. రోగికి క్షయ సోకే అవకాశం కూడా పెరుగుతుంది. రెండింటి లక్షణాలు దగ్గరగా ఉండటం చేత సిలికోసిస్‌ను క్షయగా పొరబడి చికిత్స చేసిన సందర్భాలు భారతదేశంలో అనేకం. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1997లో స్ఫటిక సిలికా ధూళిని క్యాన్సరు కారకాల మొదటి వర్గంలో చేర్చింది. సిలికా 90 శాతానికి పైగా ఉండే కృత్రిమ క్వార్ట్‌జ్ పలకలు ఇంకా ప్రమాదకరమైనవి. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి వాటిని నిషేధించింది.

భారత కర్మాగారాల చట్టం (1948) సిలికోసిస్‌ను ప్రభుత్వానికి తెలియపరచవలసిన వ్యాధుల పట్టికలో చేర్చింది. కాని ఇంటింటికీ తిరిగి గట్టు పలకలు కోసే కార్మికుడు ఏ కర్మాగారపు హాజరు పట్టీలోనూ ఉండడు, కనుక అతని దగ్గు ఏ లెక్కలోకీ రాదు.

మూతికి చుట్టుకొనే తువాలు ఈ కణాలను ఆపలేదు, కనీసం ఎన్95 తరగతి ముసుగు కావాలి. అంతకన్నా మేలైనది నీటితో కోయడం. మూతకు చిల్లులు పెట్టిన సీసాతో సహాయకుడు బ్లేడుపై నీరు పోస్తుండటం ఇక్కడి పనివారికి తెలిసిన పద్ధతే. నేల బురద అవుతుందని ఇంటివారు వద్దనడం వలన ఎక్కువగా మానివేస్తారు. తడిలో విద్యుత్ మిషను వాడవలసి ఉన్నందున 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి రక్షక స్విచ్చి తప్పనిసరి. పెద్ద కోతలన్నీ దుకాణంలో నీటి బల్లపై ముగించి, ఇంటి వద్ద చివరి సవరింపులను మాత్రం ఆరుబయట చేయించుకొంటే ధూళి చాలావరకు తగ్గుతుంది. కొలతలు ముందుగానే ఖచ్చితంగా తీసుకొన్నప్పుడే ఇది సాధ్యపడుతుంది.