వార్తయా, వందిస్తోత్రమా?

2009వ సంవత్సరపు ఎన్నికలనాటికి నేను కోడలినై గుడివాడ ప్రాంతమునకు వచ్చి యేడాదియైనను కాలేదు. మధ్యాహ్నభోజనములైన పిమ్మట అత్తగారికి పత్రికలు చదివి వినిపించుట నా పని. ఒకనాడు ఒక అభ్యర్థికి జనులు నీరాజనము పట్టిరను వార్త చదివి, రెండవ పత్రిక నందుకొంటిని. నాలుగు వాక్యములు కాకమునుపే ఆమె చేయి యడ్డుపెట్టి, "అమ్మాయీ, చదివినదే చదువుచున్నావేమే?" అనిరి. "కాదండీ అత్తయ్యగారూ, ఇది వేఱొక పత్రిక" అంటిని. రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి చూచితిని. శీర్షిక మాత్రమే వేఱు. తక్కినదెల్ల అక్షరము పొల్లుపోక యొక్కటే! ఇరువురు విలేఖరులకు ఒకే మాట లెట్లు తోచెను?

ఇట్టి వింతల మర్మము దేశమున కెల్ల తెలియుటకు ఎంతో కాలము పట్టలేదు. సొమ్ము పుచ్చుకొని అభ్యర్థుల పొగడ్తలను వార్తలుగా అచ్చువేయుచున్నారను ఫిర్యాదులను విచారించుటకు భారత ప్రెస్ కౌన్సిల్ ఇరువురిని నియమించెను. అందొకరు, విజయవాడనుండి వెలువడు విశాలాంధ్ర దినపత్రికకు సంపాదకులుగా నుండిన కె. శ్రీనివాసరెడ్డిగారు, రెండవవారు పరంజయ్ గుహ ఠాకుర్తాగారు. వారు పత్రికల పేళ్లతో సహా నివేదిక వ్రాసిరి. 2010లో కౌన్సిల్ దానిని కుదించి, క్లుప్తపాఠమునే ప్రకటించెను. 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆజ్ఞాపించిన తరువాతగాని పూర్తి నివేదికను బయటపెట్టలేదు. పరుల గుట్టు రట్టుచేయు వృత్తివారు తమ గుట్టు నెట్లు దాచిరో చూడుడు!

రాజాస్థానములందు వందిమాగధులు లేరా యని మీరడుగవచ్చును. ఉండిరి. కాని వారు బహుమానమునకై స్తుతించుచున్నారని సభయంతయు నెఱుగును. కనుక మోసపోవువారు లేరు. పైన 'ప్రకటన' యని వ్రాసియున్న పొగడ్తయు నట్టిదే. వార్త వేషము వేసికొని యింటిలోనికి వచ్చినదే మనలను వంచించును. ప్రకటన వార్తనుండి స్పష్టముగా వేఱుపడవలెననియే ప్రెస్ కౌన్సిల్ నియమము. ఎన్నికల సంఘము కూడ 2010లో జిల్లాలయందు పరిశీలక సంఘముల నేర్పఱచెను. సొమ్మిచ్చి వేయించిన వార్తయని తేలినచో, దాని వెలను అభ్యర్థి ఖర్చులో కలుపుదురు.

పల్లెటూరి విలేఖరిని మాత్రము నేను నిందింపజాలను. చాలచోట్ల అతనికి నెలజీతము లేదు; అచ్చయిన పంక్తులను లెక్కగట్టి యిచ్చు స్వల్పపు సొమ్మే. ప్రకటన తెచ్చినచో కొంత కమీషను. ఉదయము ప్రకటనకై యెవరి గుమ్మ మెక్కెనో, సాయంకాలము వారి తప్పును నిర్భయముగా వ్రాయుమన్న నెట్లు వ్రాయగలడు? ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945 వఱకు బందరు కృష్ణాపత్రికను నడపిన సీమలోనే యీ దుస్థితి!

అత్తగారికిప్పుడు చూపు మందగించినది. ఎన్నికల దినములలో నేను పత్రిక విప్పగానే, "ఆగవే అమ్మాయీ, మూలను ప్రకటన యని చీమతలకాయలంత అక్షరము లున్నవేమో ముందు చూడు" అందురు. చూచి చెప్పినగాని చదువనీయరు.