ఎనిమిదవ దశాంశ స్థానములోని తగవు

మూలకణములను గురించియు, వాటి మధ్య పనిచేయు బలములను గురించియు నేడు మనకు తెలిసినది చాలవరకు ఒక్క సిద్ధాంతములో ఇమిడియున్నది. దానికి ‘ప్రామాణిక నమూనా’ అని పేరు. 2012లో హిగ్స్ కణము కనబడుటతో ఆ పట్టికలోని ఖాళీలన్నియు నిండినవి. అయినను గురుత్వాకర్షణకు అందులో చోటు లేదు. గెలాక్సీలను పట్టియుంచుచున్న అదృశ్య ద్రవ్యము ఏ కణములతో ఏర్పడినదో అది చెప్పజాలదు. కనుక దానికి ఆవల ఇంకేదో ఉండవలెను.

దానిని వెదకుట యెట్లు? కణములను మహావేగముతో ఢీకొట్టించి క్రొత్తవి పుట్టునేమో చూచుట ఒక మార్గము. తెలిసిన కణమునే తీసికొని, దాని గుణమొకదానిని అతిసూక్ష్మముగ కొలిచి, లెక్కతో పోల్చిచూచుట మరియొక మార్గము. ఈ రెండవ మార్గములో పెద్ద ఆశ రేపిన కణము మ్యూయాన్.

దీనిని 1936లో ఆండర్సన్, నెడర్‌మైయర్ అను శాస్త్రజ్ఞులు విశ్వకిరణములలో కనుగొనిరి. ఇది ఎలక్ట్రానుకు అన్న వంటిది. బరువు 207 రెట్లు. ఆయుర్దాయము మాత్రము సగటున 2.2 మైక్రోసెకనులే. ఈ పేరా చదువునంతలో కొన్ని మ్యూయాన్లు మీ అరచేతిని దూసికొని పోయియుండును.

మ్యూయాన్ ఒక చిన్న అయస్కాంతము. దానిని అయస్కాంత క్షేత్రములో ఉంచినచో, తలవాల్చిన బొంగరము వలె దాని ఇరుసు గుండ్రముగ తిరుగును. ఆ తిరుగుడు వేగమును నిర్ణయించు సంఖ్యకు ‘జీ’ అని పేరు. 1928 నాటి డిరాక్ సమీకరణము ప్రకారము అది సరిగా 2. కాని శూన్యము నిజముగ శూన్యము కాదు. అందులో కణములు క్షణమాత్రము పుట్టి నశించుచు బొంగరమును ఇంచుక కదల్చును. 1948లో ష్వింగర్ ఈ సవరణలో ముఖ్యభాగమును లెక్కించగా జీ విలువ 2.00232 అయ్యెను.

కీలకమంతయు ఇక్కడనే ఉన్నది. మనకు తెలియని కణములున్నచో అవియు బొంగరమును కదల్చును గదా! కొట్టులో చీటీల మొత్తము కన్న గల్లాపెట్టెలో సొమ్ము ఎక్కువున్నచో, చీటీ వ్రాయని అమ్మకమేదో జరిగియుండవలెను. లేదా కూడికలో తప్పుండవలెను. ఈ రెండవ మాటను విద్యార్థులు మరువరాదు. బరువైన అజ్ఞాత కణముల జాడ తెలుపుటలో మ్యూయాన్ ఎలక్ట్రాను కన్న సుమారు 43,000 రెట్లు సున్నితమైనది.

అమెరికాలోని బ్రూక్‌హావెన్ ప్రయోగశాలలో 14 మీటర్ల వ్యాసముగల అయస్కాంత వలయములో 2001 వరకు ఈ కొలతలు జరిగినవి. లెక్కకును కొలతకును తేడా కనబడెను. 2013లో ఆ వలయపు తీగచుట్టలను విడదీయకుండ, ఓడపైనను లారీపైనను సుమారు 5,000 కిలోమీటర్లు తీసికొనిపోయి, షికాగో సమీపములోని ఫెర్మీలాబ్‌కు చేర్చిరి. మ్యూయాన్లు ఇందులో దాదాపు కాంతివేగముతో తిరుగుటచే, సాపేక్షతా సిద్ధాంతము ననుసరించి వాటి ఆయువు 29 రెట్లు పెరిగి 64 మైక్రోసెకనులగును. అవి నశించునపుడు వెలువడు పాజిట్రానులలో అధికశక్తి గలవి ఎక్కువగా బొంగరపు ఇరుసు చూపు దిక్కున పోవును. చుట్టునున్న 24 గ్రాహకములు వాటిని లెక్కించును.

ఫలితము ముందే తెలిసినచో మనసు దానివైపు మొగ్గు ననుకొనిరి కాబోలు, కొలతకు ఆధారమైన గడియారపు అసలు వేగమును ప్రయోగకర్తలకే తెలియనీయక, బయటివారి చేత కవరులలో దాచిపెట్టించిరి. అన్ని తనిఖీలును ముగిసిన పిదపనే విప్పిరి.

2021 ఏప్రిల్ 7న ఫలితము వెలువడెను. రెండు ప్రయోగశాలల కొలతలు కలిపి జీ 2.00233184122; లెక్క ప్రకారము 2.00233183620. తేడా ఎనిమిదవ దశాంశ స్థానములో. అది కేవలము యాదృచ్ఛికమగుటకు అవకాశము 40,000లో 1. కాని క్రొత్త కణము కనబడెనని చాటుటకు భౌతికశాస్త్రజ్ఞులు 35 లక్షలలో 1 కావలెనందురు.

చిత్రమేమనగా, అదే దినమున మరియొక లెక్క అచ్చయ్యెను. క్వార్కుల వలన కలుగు సవరణను కాగితముపై సాధించుట అసాధ్యము. పూర్వులు ఎలక్ట్రాను, పాజిట్రానుల తాకిడి ప్రయోగముల నుండి దానిని రాబట్టిరి. క్రొత్త బృందము దేశకాలములను గళ్ళుగా విభజించి మహాగణన యంత్రములపై సూటిగా లెక్కించగా, ఫలితము కొలతకు దగ్గరగ వచ్చెను. తరువాత ఇతర బృందములును దీనినే బలపరచినవి. 2023లో నోవోసిబిర్స్క్ తాకిడి ప్రయోగము పాత ప్రయోగములతో విభేదించెను.

2025లో సిద్ధాంతకర్తలు గళ్ళ పద్ధతినే గ్రహించి లెక్కను 2.00233184066గా సవరించిరి. ఫెర్మీలాబ్ తుది ఫలితమును చేర్చిన కొలత 2.00233184143. మిగిలిన తేడా లెక్కలోని అనిశ్చితి కన్న చిన్నది. అనగా తప్పు గల్లాపెట్టెలో కాదు, కూడికలోనే ఉన్నదని తోచుచున్నది. ఇది ఆశాభంగమనిపించవచ్చును. కాని 2కు మించిన భాగమును వందకోట్లకు 127 వంతుల తేడాలోపల కొలుచుట సామాన్యము కాదు. ఇకపై ఏ క్రొత్త కణమును ఊహించినను అది ఈ ఇరుకు సందులో ఇమడవలసినదే.

తాకిడి ప్రయోగములు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగవో మాత్రము ఇంకను తేలలేదు. జపానులోని జె-పార్క్‌లో, నెమ్మదియైన మ్యూయాన్లతో, వేరొక విధానమున ఇదే సంఖ్యను కొలుచుటకు ఏర్పాట్లు జరుగుచున్నవి.