ఫైరింజను పైపు పట్టాలంటే పట్టు తెలియాలి

వేసవిలో పల్లెటూరి జనానికి రెండు చప్పుళ్లు వినిపిస్తే గుండె ఝల్లుమంటుంది. ఒకటి "నిప్పు, నిప్పు" అన్న కేక. రెండోది ఫైరింజను మోత. మొదటిది వినగానే ఎక్కడి వాళ్లక్కడ బిందెలు, బకెట్లు పట్టుకుని పరుగెత్తుతారు. రెండోది వినగానే ఊరు ఊరంతా బండి చుట్టూ మూగుతుంది. వాళ్లలో హుషారైన కుర్రాళ్లు నలుగురు బండి ఆగీ ఆగకముందే పైపులు లాగడం మొదలుపెడతారు.

బండిలో వచ్చే సిబ్బంది నలుగురైదుగురు. అంటుకున్నది వాడంతా. కాబట్టి సాయం పట్టే చేతులు అవసరమే, సాయం చేయాలన్న బుద్ధీ మంచిదే. అయితే ఆ పైపు చివరనుండే లోహపు మూతి చూడ్డానికి చిన్నదే గాని, దాని బలం తెలియకుండా పట్టుకున్నవాడిని వెనక్కి విసిరికొడుతుంది. చేయి జారితే పక్కవాళ్ల తలలు పగలగొడుతుంది. ఉమ్మడి గుంటూరు జిల్లాలో డెల్టా వైపు వరిగడ్డి వాములు, పల్నాడు వైపు పత్తి, మిర్చి కల్లాలు. ఎండాకాలంలో ఎటు చూసినా నిప్పుకు మేతే. అందువల్ల ఈ పైపు సంగతి రైతులు తెలుసుకోవడం మంచిది.

ఫైర్ సిబ్బంది ఆ మూతిని 'బ్రాంచి' అంటారు. దాని చివర మరతో బిగించేది నాజిల్. నాజిల్ రంధ్రాలు పన్నెండున్నర మిల్లీమీటర్ల నుంచి 16, 20, 25 మిల్లీమీటర్ల వరకు వుంటాయి. వెనక వుండే పైపు 63 మిల్లీమీటర్లది. అంత వెడల్పు పైపులో వచ్చే నీరు చిటికెన వేలు పట్టేటంత సందులోంచి బయటపడాలి. వేగం అక్కడే పుడుతుంది, వెనక్కి తన్నే తాపూ అక్కడే పుడుతుంది. పొలంలో ఆయిలింజను పెట్టి నీళ్లు తోడేవారికి ఇది కొత్త కాదు. ఇంజను అందుకోగానే గుడ్డపైపు పాములా లేచి మెలికలు తిరగడం అందరూ చూసినదే. ఫైరింజను పంపు ముందు ఆ ఇంజను పసిపిల్ల.

యూరియా బస్తా అంత తోపు

లెక్క చెబితే బోధపడుతుంది. 20 మిల్లీమీటర్ల నాజిల్ దగ్గర చదరపు సెంటీమీటరుకు 7 కిలోల ఒత్తిడి వుంటే, నీరు ముందుకు దూకుతూ పట్టుకున్నవాడిని సుమారు 45 కిలోల బలంతో వెనక్కి నెడుతుంది. ఇప్పుడు వస్తున్న యూరియా బస్తా బరువూ సరిగ్గా అంతే. ఆ బస్తాను నెత్తిన పెట్టుకుని నడిచే రైతు వున్నాడు, నిజమే. కానీ అదే బస్తా ఎవరో గుండెల మీదికి నెడుతూ వుంటే, కాళ్ల కింద బురద వుంటే, కళ్లల్లోకి పొగ కొడుతూ వుంటే, పావుగంట సేపు కదలకుండా నిలబడగలిగేవాడు ఎంతమంది? ఒత్తిడిని మూడున్నర కిలోలకు తగ్గిస్తే ఆ తోపు 22 కిలోలకు దిగుతుంది. అదే ఒత్తిడి మీద పన్నెండున్నర మిల్లీమీటర్ల నాజిల్ పెడితే 9 కిలోలే. నాజిల్ వెడల్పు రెట్టింపు అయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. ఇది గుర్తుంచుకోవలసిన మాట.

పైపుకు కూడా బరువుంది. వట్టి పైపును ఒక్క కుర్రాడు భుజాన వేసుకుని పరుగెత్తగలడు. నీరు నిండిన తరువాత 15 మీటర్ల పైపులో 47 లీటర్ల నీళ్లుంటాయి. అంటే మరో యూరియా బస్తా. అందుకే పైపును ఎక్కడికి కావాలో అక్కడికి వట్టిగా వున్నప్పుడే పరచుకోవాలి, ఆ తరువాతే నీరు వదలమనాలి. మెలికలు, ముడులు ముందే తీసెయ్యాలి. నీరు వచ్చాక మెలిక పడిన పైపును లాగబోతే అది తిరగబడి కాళ్లను చుట్టేస్తుంది.

నిలబడే తీరు

బ్రాంచి పట్టుకునేవాడు ఎడమకాలు ముందుకు వేసి, కుడికాలు వెనక తన్నిపెట్టి, ఒళ్లు కొంచెం ముందుకు వంచి నిలబడాలి. పైపును కుడి చంకలో బిగించి, ఎడమ చేత్తో బ్రాంచిని ముందు పట్టుకోవాలి. బండి తోసేటప్పుడు మనిషి ఎలా నిలబడతాడో అలాగన్నమాట. అతని వెనక మూడడుగుల దూరంలో, పైపుకు అదే వైపున రెండో మనిషి వుండాలి. అతని పని నీళ్లు కొట్టడం కాదు. పైపు బరువు మోస్తూ, ముందున్న మనిషి మీదికి తోపు రాకుండా కాసుకోవడమే. గ్రామస్తులు నిజంగా పనికొచ్చేది ఈ రెండో చోట. పెద్ద నాజిల్ అయితే మూడో మనిషీ కావాలి.

బ్రాంచి వెనక పైపు కొంతదూరం తిన్నగా నేల మీద పడి వుండాలి. తిన్నగా వుంటే వెనక్కి వచ్చే తోపును నేల కూడా కొంత పంచుకుంటుంది. పక్కకు వంకర తిరిగి వుంటే మనిషిని ఆ పక్కకు తిప్పి పడేస్తుంది. గోడ పైన, నిచ్చెన పైన ఎక్కి పైపు పట్టుకోవడం సామాన్యులు చేయదగ్గ పని కాదు. అలాంటప్పుడు సిబ్బంది పైపును తాడుతో నిచ్చెనకు కట్టుకుంటారు.

పాతరకం పొట్టి బ్రాంచికి కుళాయి వుండదు. నీరు ఆపాలంటే బండి దగ్గరే ఆపాలి. ఈ సంగతి తెలియక "ఎలా కట్టాలిరా ఇది" అని మర తిప్పబోయేవాళ్లుంటారు. నాజిల్ వూడి వచ్చి మొహానికి తగిలితే కన్ను పోతుంది. అందుకే "వాటర్ ఆన్", "వాటర్ ఆఫ్" అన్న కేకలు బ్రాంచి పట్టుకున్నవాడి నోట రావాలి. బండి దగ్గరి మనిషి ఆ నోటి మాటకే కట్టుబడాలి. ఊళ్లో పది మంది పది రకాలుగా అరిస్తే పంపు దగ్గరున్నవాడు ఎవరి మాట వినాలి?

కొత్తరకం నాజిళ్లకు పైన ఒక పిడి వుంటుంది. దాన్ని ముందుకు నెడితే నీరు ఆగుతుంది, వెనక్కి లాగితే వస్తుంది. కొసను తిప్పితే ధార మారుతుంది. చాలావాటిలో కుడివైపు తిప్పితే తిన్నని ధార, ఎడమవైపు తిప్పితే గొడుగులాంటి జల్లు. మంట ఎదురు తిరిగి మీదికి వచ్చినప్పుడు ఆ గొడుగే మనిషిని కాపాడుతుంది. తెరిచినా మూసినా నిదానంగానే చేయాలి. మొదట పైపులోని గాలి బుస్సుమని వస్తుంది. 'నీళ్లు లేవు' అనుకుని పట్టు సడలించేది ఆ క్షణంలోనే, నీటి తాపు తగిలేదీ ఆ వెంటనే. ఠక్కున మూస్తే పరుగెత్తే నీరంతా ఒక్కసారి గోడకు గుద్దుకున్నట్టవుతుంది. ఆ దెబ్బకు పైపు పగులుతుంది, లేదా పంపు చెడుతుంది.

జారిపోతే వెంటపడరాదు

చేయి జారిన బ్రాంచి తోక తొక్కిన తాచు. అటూ ఇటూ కొట్టుకుంటూ అందినదాన్నల్లా బాదుతుంది. దాన్ని పట్టుకోవాలని మూతి వైపు వురకడం అన్నిటికన్నా చెడ్డ పని. మొదట దూరంగా తప్పుకోవాలి. వెంటనే బండి దగ్గర నీరు ఆపమని కేక వేయాలి. అది వీలుపడకపోతే, కొట్టుకునే కొసకు బాగా వెనక, పైపు నేల మీద కదలకుండా వున్నచోట దాని మీద ఒంటి బరువు వేసి పడుకుని, పాకుతూ ముందుకు జరిగి బ్రాంచిని అదుపులోకి తెచ్చుకుంటారు. ఇది తర్ఫీదు పొందిన సిబ్బంది చేసే పని. మిగతావాళ్లు పిల్లల్ని అవతలికి లాక్కుపోతే అదే పెద్ద సాయం.

నీటి లెక్క మరచిపోతే

ఫైరింజను వచ్చిందంటే ఇక నీటికి కొరత లేదనుకుంటారు. మామూలు బండి ట్యాంకులో పట్టేది సుమారు 4,500 లీటర్లు. 20 మిల్లీమీటర్ల నాజిల్‌తో 7 కిలోల ఒత్తిడి మీద కొడితే నిమిషానికి 700 లీటర్లు పోతాయి. ఆరు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. మూడున్నర కిలోల మీద తొమ్మిది నిమిషాలు వస్తుంది. చిన్న నాజిల్ పెడితే ఇరవై నిమిషాలకు పైగా వస్తుంది. "ఇంకా గట్టిగా కొట్టండయ్యా" అని కేకలు వేసేవాళ్లు ఈ లెక్క తెలుసుకోవాలి. మండుతున్న ఇంటి మీద ఆరు నిమిషాలు ధార కొట్టి, ఆ తరువాత పక్క ఇంటికి నిప్పు పాకుతుంటే చేతులు కట్టుకుని చూడడం కన్నా బాధ ఏముంటుంది? కాబట్టి ఊరివాళ్లు చేయవలసిన మొదటి పని పైపు పట్టడం కాదు. దగ్గరలో చెరువు ఎక్కడుందో, కాలవలో నీరుందో లేదో, ఎవరి బోరు నడుస్తున్నదో బండివారికి చెప్పి, బండి అక్కడికి వెళ్లేందుకు దారిలో వున్న ట్రాక్టర్లు, గడ్డిబండ్లు తీయించాలి.

బోరు మోటారు మాట వచ్చింది గనుక కరెంటు సంగతి చెప్పుకోవాలి. తిన్నని నీటి ధార కరెంటు తీగను తాకితే, కరెంటు ఆ ధార వెంట పైపు పట్టుకున్నవాడి దాకా రావచ్చు. గుడిసెల మీదుగా పోయే తీగలు మంటకు తెగి పడుతుంటాయి కూడా. నీరు వదలకముందే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు తీయించాలి. ఏబీ స్విచ్ ఎవరుబడితే వారు లాగరాదు, లైన్‌మన్‌కు కబురు పెట్టాలి.

ధార ఎక్కడ, జల్లు ఎక్కడ

గడ్డివాము మీద తిన్నని ధార కొడితే ఏమవుతుందో చూసినవారికి తెలుసు. మండే గడ్డి ఎగిరి పక్కవారి చూరు మీద పడుతుంది. ఒక వాము పోయేచోట నాలుగు పోతాయి. వాముకు జల్లే మంచిది. అంతకన్నా ముందు గాలి వాలున వున్న పూరిళ్ల కప్పులు తడపాలి. వాములోని నిప్పు లోపల దాక్కుంటుంది. పై మంట ఆరింది కదా అని బండిని పంపించేస్తే తెల్లవారుజామున మళ్లీ లేస్తుంది. పంగలకర్రలతో గడ్డి లాగి, పరిచి, తడిపితేగాని ఆరదు. పత్తి మరీ మొండిది. బేలులో దూరిన నిప్పు పైన పోసిన నీటికి లొంగదు.

ఈ సందర్భంలో ఒక సంగతి. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ తేదీ ఎందుకంటే, 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో 'ఫోర్ట్ స్టికైన్' అనే ఓడ పేలిపోయింది. అందులో పేలుడు సామగ్రితో పాటు పత్తి బేళ్లున్నాయి. ఓడలోకి 900 టన్నులకు పైగా నీరు కొట్టారు. అయినా పొగలో నిప్పు మూలం ఎక్కడుందో కనిపెట్టలేకపోయారు. సాయంత్రం నాలుగు దాటగానే ఓడ పేలింది. అగ్నిమాపక సిబ్బందిలోనే 66 మంది పోయారు. పత్తి నిప్పుతో ఎన్ని నీళ్లున్నా చాలవని పత్తి పండించే జిల్లాకు వేరే చెప్పాలా?

మట్టిగోడల ఇళ్ల దగ్గర మరో ప్రమాదం. ధార దెబ్బకు నానిన గోడ కూలుతుంది, పెంకులు ఎగిరి పడతాయి. గోడ వార నిలబడరాదు. తలుపు మూసివున్న గదిలోకి నీరు కొడితే అది ఆవిరై సుమారు 1,700 రెట్లు వుబ్బుతుంది. ఆ ఆవిరి గుమ్మంలోంచే బయటికి వస్తుంది. అందుకే గుమ్మానికి ఎదురుగా కాక పక్కన, వంగి వుండి కొట్టాలి. ఒంటికి నిప్పంటుకున్న మనిషి మీద తిన్నని ధార ఎన్నడూ కొట్టరాదు, జల్లే పట్టాలి. కిరసనాయిలు, పెట్రోలు మంట మీద ధార కొడితే నూనె నీటి మీద తేలి మంటను నలుదిక్కులా మోసుకుపోతుంది. దానికి నురుగు కావాలి. గ్యాసు సిలిండరు మంటలో వుంటే ఆ సంగతి బండి దిగగానే సిబ్బందికి చెప్పాలి. దానిని దూరం నుంచి, చాటున వుండి జల్లుతో చల్లబరుస్తారు. అక్కడికి ఊరివాళ్లు పోకూడదు.

మంటలు ఆరాక పైపు కొసలు వూడదీసేందుకు కూడా కుర్రాళ్లు ఎగబడతారు. పైపుల్ని కలిపే కప్లింగుకు చెవులుంటాయి. లోపల ఒత్తిడి వుండగా వాటిని లాగితే ఆ లోహపు ముక్క ఎగిరి మోకాలి చిప్పను పగలగొడుతుంది. పంపు ఆగి, పైపు చప్పబడ్డాక సిబ్బంది తీయమంటేనే తీయాలి. పైపు మీదుగా ట్రాక్టర్లు, బండ్లు నడపడం మరో అలవాటు. పైపు చిల్లులు పడితే మరో ఊరు తగలబడేనాడు ఆ బండి వచ్చీ ప్రయోజనం వుండదు.

నిప్పు పడినప్పుడు ఫోను చేయవలసిన నంబరు 101. 112కు చేసినా అందుతుంది. ఊరి పేరు, మండలం, అంటుకున్నది వామా, ఇల్లా, మిల్లా, దగ్గరలో నీరెక్కడుంది, పెద్ద బండి ఏ దారిన రాగలదు అన్న ముక్కలు చెప్పి, రోడ్డు మలుపు దగ్గర దారి చూపించేందుకు ఒక మనిషిని నిలబెట్టాలి. రాత్రివేళ అయితే అతని చేతిలో టార్చిలైటు వుండాలి.