రక్తహీనత – పక్షవాతం

మెట్లెక్కితే ఆయాసం, ఎప్పుడూ నీరసం. ఇంట్లో ఆడవాళ్ళు ఇలా చెబితే పని ఎక్కువైందని సరిపెట్టుకుంటాం. అది రక్తహీనత కావచ్చు. గర్భిణి కాని స్త్రీకి 100 మిల్లీలీటర్ల రక్తంలో 12 గ్రాముల కంటే తక్కువ హిమోగ్లోబిన్ ఉంటే రక్తహీనత ఉన్నట్లు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి ఇది ఉంది. అండమాన్ నికోబార్ దీవులలోనూ సగానికి పైగా స్త్రీలది ఇదే పరిస్థితి. దీనికి ఒక ముఖ్య కారణం ఇనుము లోపం. నెలసరిలోనూ కాన్పులోనూ రక్తం పోవడం వల్ల స్త్రీలలో ఈ లోపం ఎక్కువ.

మెదడుకు ముప్పు ఎలా?

హిమోగ్లోబిన్ తగ్గితే మెదడుకు చేరే ప్రాణవాయువు తగ్గుతుంది. అంతేకాదు, ఇనుము లోపించినప్పుడు కొందరిలో రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల సంఖ్య పెరుగుతుంది. దానితో మెదడు రక్తనాళాలలో గడ్డ ఏర్పడే అవకాశం పెరుగుతుంది. ముఖ్యంగా బాలింతలకు మెదడు సిరలలో గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంది. రక్తహీనత తోడైతే అది మరింత పెరుగుతుంది.

అయితే రక్తహీనత ఉన్న ప్రతి స్త్రీకీ పక్షవాతం రాదు. రక్తపోటు, మధుమేహం, పొగాకు కూడా పక్షవాతానికి పెద్ద కారణాలే.

గుర్తించండి

మూతి ఒక పక్కకు పోవడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టుతప్పడం, మాట తడబడటం పక్షవాతం లక్షణాలు. బాలింతకు తగ్గని తలనొప్పి, మూర్ఛ వచ్చినా ఆలస్యం చేయకూడదు. ధమనిలో గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. లిటిల్ అండమాన్ వంటి దీవి నుండి శ్రీ విజయపురంలోని (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) పెద్దాసుపత్రికి చేరాలంటే సముద్రం దాటాలి. అందుకే దీవులలో నివారణకు మరింత విలువ ఉంది.

ఏం చేయాలి?

చేపలు, మాంసం, తోటకూర, మునగాకు, శనగలు తినండి. చేపలు, మాంసంలోని ఇనుము ఒంటికి సులభంగా పడుతుంది. ఆకుకూరలు, పప్పులతో నిమ్మరసం తీసుకోండి. భోజనంతోపాటు టీ తాగకండి. గర్భిణులు రోజుకొక ఇనుము మాత్ర 180 రోజులు, కాన్పు తరువాత మరో 180 రోజులు వేసుకోవాలి. ఈ మాత్రలను ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా ఇస్తారు. మాత్రల వల్ల విరేచనం నల్లగా అయితే భయపడి మానకండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే డాక్టరుకు చూపించుకోండి.

ఆలోచించండి: మీ ఇంటిలోని స్త్రీలు హిమోగ్లోబిన్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారు?