నాగా కొండల్లో దొరికిన చదువు

తమ్ముడి ఇంజనీరింగ్ ఫీజు కోసం నా చదువు ఇంటర్‌తో ఆపించేశారు. ఇలాంటివి మన ఇళ్లలోనే జరుగుతాయనుకునేదాన్ని, ఉర్సులా గ్రాహమ్ బోవర్ గురించి చదివేదాకా!

1914లో ఇంగ్లండులో పుట్టిన ఆమెకు ఆక్స్‌ఫర్డ్‌లో పురావస్తుశాస్త్రం చదవాలని ఆశ. ఇంట్లో డబ్బు చాల్లేదు. ఉన్నది సోదరుడి చదువుకే పెట్టారు.

1937లో స్నేహితురాలు పిలిస్తే మణిపూర్ వచ్చింది. కెమెరా పట్టుకుని నాగా పల్లెలన్నీ తిరిగింది. జేమీ నాగాల మధ్యే ఏళ్ల తరబడి ఉండి వాళ్ల ఆచారాలు, బతుకుతెరువు రాసుకుంది. 1942లో జపాన్ సేన బర్మాను ఆక్రమిస్తే, నాగాలతో కలిసి అడవుల్లో నిఘా దళం నడిపింది.

చివరికి 1950లో లండన్ యూనివర్సిటీ నుంచి మానవశాస్త్రంలో డిప్లొమా అందుకుంది. అప్పటికి ఆమెకు ముప్ఫై అయిదు దాటాయి.

నాకిప్పుడు ముప్ఫై ఎనిమిది. ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీకి దరఖాస్తు పెట్టాను. మరి మీరో?