లగ్ లోయలో భాస్వరం లెక్క

ఇంగ్లండ్ పడమటి అంచున, వేల్స్‌ను ఆనుకుని హెరిఫర్డ్‌షైర్ ఉంటుంది. ఎర్రటి ఒళ్లు, తెల్లటి మొహాల హెరిఫర్డ్ పశువుల సొంతగడ్డ ఇదే. యాపిల్ తోటలు, నల్ల దూలాలూ తెల్ల గోడలూ ఉన్న పాతకాలపు ఇళ్లు. వేల్స్ కొండల్లో పుట్టిన లగ్ నది లెమ్‌స్టర్ పట్టణం మీదుగా దిగివచ్చి, మోర్డిఫర్డ్ దగ్గర వై నదిలో కలుస్తుంది. సాల్మన్ చేపలకు, నీటిమీద తెల్లగా పూసే క్రోఫుట్ మొక్కలకు నెలవైన వై నదికి చట్టపరమైన రక్షణ ఉంది.

ఈ లోయలో 2019లో కొత్త ఇళ్ల అనుమతులు దాదాపు ఆగిపోయాయి. అప్పటికే దెబ్బతిన్న రక్షిత ప్రాంతంపై మరింత భారం వేసే అనుమతులకు పెద్దగా చోటు లేదని 2018లో యూరోపియన్ కోర్టు ఒక డచ్ కేసులో తేల్చింది. లగ్‌లో భాస్వరం పరిమితి దాటింది. కొత్త ఇల్లు కట్టాలంటే అది నదికి చేర్చే భాస్వరాన్ని మరోచోట తగ్గించి చూపాలి. 2022 నాటికి ఇంగ్లండ్‌లో 74 స్థానిక ప్లానింగ్ సంస్థలు ఈ నియమం కిందికి వచ్చాయి.

లెక్క ఇలా కడతారు. ఇంటికి సగటున 2.4 మంది. వాళ్లు వాడే నీరెంత, శుద్ధి కేంద్రం దాటాక అందులో మిగిలే భాస్వరమెంత, పొలం కాస్తా ఇళ్ల స్థలమైతే వాననీటితో కొట్టుకుపోయేదెంత? వచ్చిన మొత్తానికి ముందుజాగ్రత్తగా మరో 20 శాతం కలుపుతారు. హైదరాబాద్ చెరువుల మీద గుర్రపుడెక్క ఎందుకు అలుముకుంటుందో తెలిసిన మనకు ఈ జాగ్రత్త అతిగా అనిపించదు. నీటిలో చేరే పోషకాలే అక్కడా ఇక్కడా మూలం.

లెమ్‌స్టర్‌కు ఉత్తరాన లస్టన్ అనే చిన్న ఊళ్లో కౌన్సిల్ ఒక చిత్తడి నేలను తీర్చిదిద్దింది. మురుగుశుద్ధి కేంద్రం వదిలిన నీరు నాటిన మొక్కల మధ్య మెల్లగా పారుతుంది. భాస్వరం మట్టిలో, మొక్కల్లో చిక్కుకుంటుంది. నత్రజనిలా అది గాలిలో కలిసిపోదు, అడుగున పేరుకుంటుంది. కాబట్టి పూడిక తీత, సంరక్షణ తరాలపాటు సాగాలి. ఇలా ఆపిన భాస్వరాన్ని కిలోల లెక్కన క్రెడిట్లుగా బిల్డర్లకు అమ్ముతారు. నదికి హాని చేసేవాడే ఆ ఖర్చు మోయడం నాకు పూర్తిగా న్యాయమనిపిస్తుంది.

అయితే వై నదిని పాడుచేస్తున్నది ప్రధానంగా ఇళ్లు కావు. ఈ పరీవాహకంలో ఏ సమయంలో చూసినా రెండు కోట్లకు పైగా కోళ్లుంటాయి. లాంకాస్టర్ విశ్వవిద్యాలయం నేతృత్వంలో జరిగి 2022లో వెలువడిన అధ్యయనం ప్రకారం, పంటల అవసరానికి మించి ఏటా సుమారు 3,000 టన్నుల భాస్వరం ఇక్కడి నేలలో పోగుపడుతోంది. వాన పడితే అందులో కొంత నదికే చేరుతుంది. 2023 మేలో నేచురల్ ఇంగ్లండ్ సంస్థ వై నది పరిస్థితిని ‘క్షీణిస్తోంది’ అనే స్థాయికి దించింది.

అదే ఏడాది ఆగస్టులో, లక్ష ఇళ్లకు దారి ఇస్తామంటూ ప్రభుత్వం ఈ నియమాన్నే ఎత్తేయబోయింది. సెప్టెంబరులో ప్రభువుల సభ అడ్డుకుంది. మంచి పని చేసింది. అక్టోబరులో వచ్చిన చట్టం ఇలాంటి పరీవాహకాల్లోని పెద్ద మురుగుశుద్ధి కేంద్రాలు లీటరు నీటిలో భాస్వరాన్ని 0.25 మిల్లీగ్రాములకు తగ్గించాలని 2030 ఏప్రిల్‌ దాకా గడువిచ్చింది.

ఇక మిగిలింది పొలం. నేలకు, పంటకు కావలసినదానికి మించి ఎరువు వేయకూడదన్న నిబంధన రైతులకూ 2018 నుంచే ఉంది. రెండు గదుల ఇంటికి కిలోలో వందో వంతు దాకా లెక్క అడిగే అధికారులు, కోళ్ల షెడ్ల నుంచి పొలాలకు వెళ్లే ఎరువు లారీలనూ అంతే పట్టుగా లెక్క అడగాలి.